బెండు ముక్కలో గదులు చూసిన రాబర్ట్ హుక్

కణాన్ని మొదట చూసింది ఎవరు అనేది ఒక మార్కు ప్రశ్న. రాబర్ట్ హుక్, 1665 అని రాస్తే ఆ మార్కు పడిపోతుంది. ఈ హాస్టల్ స్టడీ అవర్లో వరుసగా కూర్చుని గట్టిగా చదివి, ఆ మార్కు తెచ్చుకున్నవాళ్ళమే మేమందరం. వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమన్నారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ గురించి, జ్యోతిరావు ఫూలే గురించి మాకంటే బాగా రాయగల అన్నయ్యలు, అక్కయ్యలు ఉన్నారు. మేము ఇప్పుడు ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతున్నాం. మా ఇళ్ళలో డిగ్రీ గడప దాటిన మొదటివాళ్ళం. అందుకని మా సబ్జెక్టులోంచే ఒక మనిషిని ఎంచుకున్నాం. ఆ ఒక్క మార్కు వెనక ఉన్న మనిషి ఎవరో, ఆయన ఏమి చూశాడో, ఏది చూడలేకపోయాడో తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలని మా కోరిక.

రాబర్ట్ హుక్ 1635 జూలై 18న ఇంగ్లండుకు దక్షిణాన ఉన్న వైట్ అనే దీవిలో, ఫ్రెష్‌వాటర్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి జాన్ హుక్ ఆ ఊరి చర్చిలో చిన్న ఫాదరు. పెద్ద జీతం లేదు, ఆస్తి లేదు. పిల్లవాడు పుట్టుకతోనే బలహీనుడు. బతుకుతాడన్న ఆశ ఇంట్లోవాళ్ళకే లేదట. మాంసం పడేది కాదు, పాలూ పండ్లూ తిని పెరిగాడు. చదువుకు కూర్చుంటే తలనొప్పి వచ్చేది. దాంతో తండ్రి చదువు చెప్పడం తగ్గించేశాడు. ఇక పిల్లవాడు తనంతట తానే ఉండి చేతికి దొరికిన వాటితో బొమ్మలు చేసుకునేవాడు. ఎవరో ఇత్తడి గడియారం విప్పితే చూసి, అలాంటిదే చెక్కతో చేశాడు. అది నడిచింది కూడా. తాళ్ళు, తెరచాపలతో ఒక చిన్న ఓడ చేసి నీటిలో వదిలాడు. ఆ చేతి పనితనమే తర్వాత ఆయనకు అన్నం పెట్టింది.

1648లో తండ్రి చనిపోయాడు. రాబర్టుకు అప్పటికి 13 ఏళ్ళు. వీలునామాలో అతనికి రాసిపెట్టినవి 40 పౌండ్ల డబ్బు, ఇంట్లోకెల్లా మంచి చెక్కపెట్టె, తండ్రి పుస్తకాలు. పెట్టె, పుస్తకాలు పట్టుకుని ఊరు విడిచి చదువుకు బయలుదేరిన పిల్లవాడిని మన హాస్టల్ వాళ్ళకు వర్ణించి చెప్పనక్కర్లేదు.

లండన్‌లో మొదట పీటర్ లీలీ అనే పేరున్న చిత్రకారుడి దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. రంగుల వాసనకు తలనొప్పి తిరగబెట్టింది. ఇక్కడ ఉండి డబ్బు ఖర్చు చేయడం దండగ అనుకుని బయటికొచ్చాడు. అదృష్టం ఏమిటంటే వెస్ట్‌మినిస్టర్ స్కూలు హెడ్మాస్టరు రిచర్డ్ బస్బీ అతన్ని చేరదీశాడు. బెత్తం వాడడంలో బస్బీకి పెద్ద పేరు. కానీ ఈ పిల్లవాడి బుర్ర ఎలాంటిదో కనిపెట్టి తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. యూక్లిడ్ రేఖాగణితంలో మొదటి ఆరు భాగాలను హుక్ ఒక్క వారంలో నేర్చేసుకున్నాడని అతని స్నేహితులు చెప్పుకున్నారు. లాటిన్, గ్రీకు నేర్చాడు. చర్చిలో వాయించే ఆర్గాన్ నేర్చాడు. ఎక్కువ సేపు తరిమెన పట్టే యంత్రం మీద వంగి పని చేసేవాడు. 16 ఏళ్ళు వచ్చేసరికి వెన్ను ఒక పక్కకు వంగిపోవడం మొదలైంది. ఆ వంకర జీవితాంతం పోలేదు. మనిషి పొట్టి, గూని, ముఖం పాలిపోయి ఉండేది. తర్వాతి కాలంలో ఆయనంటే గిట్టనివారు ఆయన రూపాన్నే ముందు చెప్పేవారు.

1653 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కాలేజీలో చేరాడు. ఫీజు కట్టే స్తోమత లేదు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. డబ్బున్న విద్యార్థికి పనులు చేసిపెడుతూ, అతని వెనక తిరుగుతూ, అదే కాలేజీలో చదువుకోవచ్చు. అలాంటి వాళ్ళను సర్విటర్లు అనేవారు. హుక్ కూడా ఒక దొరబిడ్డకు సర్విటరుగా పేరు రాయించుకున్నాడు. ఒకే కాలేజీ, ఒకే పాఠం. కానీ ఒకడు బల్ల ముందు కూర్చుంటాడు, ఇంకొకడు ఆ బల్ల తుడిచి పాఠం వింటాడు. మాకు ఈ సంగతి చదివినప్పుడు మరొకటి కూడా తెలిసింది. తర్వాత హుక్‌తో జీవితాంతం కయ్యమాడిన ఐజాక్ న్యూటన్ కూడా 1661లో కేంబ్రిడ్జిలో ఇలాంటి సేవక విద్యార్థిగానే చేరాడు. అయితే న్యూటన్ తల్లికి భూములున్నాయి, హుక్‌కు అలాంటి ఆసరా లేదు.

ఆక్స్‌ఫర్డులో రాబర్ట్ బాయిల్ అనే ధనవంతుడైన శాస్త్రవేత్తకు సహాయకుడి అవసరం పడింది. బాయిల్ తండ్రి ఐర్లండులోని కార్క్ అనే ప్రాంతానికి ప్రభువు. మన కథలో వచ్చే కార్కుకు, ఆ ఊరికి పేరులో తప్ప ఏ సంబంధమూ లేదు. గాలి పీడనం, ఘనపరిమాణం విలోమానుపాతంలో ఉంటాయన్న బాయిల్ నియమం మనం చదువుకున్నాం. ఆ ప్రయోగాలకు కావలసిన గాలి పంపు పనిచేసేలా తయారు చేసింది 1659లో హుక్ చేతులే. నియమానికి బాయిల్ పేరు వచ్చింది. పంపు చేసినవాడికి జీతం వచ్చింది. బాయిల్ మంచివాడు, హుక్‌ను గౌరవంగా చూశాడు. ఆ మాట కూడా చెప్పాలి.

1660లో లండన్‌లో రాయల్ సొసైటీ ఏర్పడింది. పెద్ద పెద్ద దొరలు, డాక్టర్లు, మతగురువులు అందులో సభ్యులు. వారానికోసారి సమావేశమై కొత్త సంగతులు మాట్లాడుకునేవారు. మాట్లాడడానికి అందరూ ఉన్నారు, ప్రయోగం చేసి చూపించేవాడు కావాలి. 1662 నవంబరులో బాయిల్ తన సహాయకుణ్ణి వారికి ఇచ్చాడు. ప్రతి సమావేశానికీ మూడు నాలుగు కొత్త ప్రయోగాలు సిద్ధం చేయాలి. మొదట జీతం కూడా లేదు. తర్వాత 1664లో ఏడాదికి 80 పౌండ్లు ఖాయం చేశారు. అందులో 50 పౌండ్లు జాన్ కట్లర్ అనే వ్యాపారి ఇస్తానన్నాడు. కొంత కాలం ఇచ్చి మానేశాడు. ఆ బాకీ కోసం హుక్ కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. చివరికి 1696లో తీర్పు ఆయన పక్షాన వచ్చింది. తేదీ జూలై 18, ఆయన 61వ పుట్టినరోజు. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మనం విసుక్కుంటాం కదా, ఆ మనిషి 30 ఏళ్ళు ఎదురు చూశాడు.

ఇప్పుడు బెండు ముక్క దగ్గరికి వద్దాం. మన ప్రశ్నపత్రంలోకి వచ్చింది ఇదే.

1663 ఏప్రిల్‌లో హుక్ సొసైటీ సభ్యులకు కార్కు బిరడా ముక్కను సూక్ష్మదర్శినిలో చూపించాడు. అప్పటికి ఆయన వయసు 27. కార్కు అంటే పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో పెరిగే ఒక జాతి ఓక్ చెట్టు బెరడు. ఆయన చేసిన పని వింటే చాలా మామూలుగా అనిపిస్తుంది. పెన్నులు చెక్కుకునే చాకుకు మంగలికత్తి అంత పదును పెట్టాడు. కార్కు మీద ఒక నునుపైన ముఖం వచ్చేలా కోశాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న చిన్న రంధ్రాలు ఉన్నట్టు అనుమానం వచ్చింది కానీ స్పష్టంగా లేదు. అప్పుడు చాలా పలుచని పొర ఒకటి కోసి, ముక్క తెల్లగా ఉంటుంది కనుక దాన్ని నల్లని పలక మీద పెట్టి, కుంభాకార కటకంతో వెలుతురును దాని మీదకు మళ్ళించాడు. తేనెపట్టులోలాగ గదులు కనిపించాయి. మఠంలో సన్యాసులుండే చిన్న గదిని లాటిన్‌లో సెల్లా అంటారు. ఆ మాటతోనే వాటిని సెల్ అన్నాడు. మనం కణం అంటున్నాం. మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో క్యారెట్ ముక్కలో కాండం పెట్టి బ్లేడుతో పలుచని సెక్షన్ కోయలేక వేళ్ళు కోసుకున్న ప్రతి విద్యార్థికీ, చాకుతో ఆయన కోసిన ఆ పొర విలువ తెలుస్తుంది.

చూసి ఊరుకోలేదు, లెక్కపెట్టాడు. అంగుళంలో 18వ వంతు పొడవులో సుమారు 60 గదులు వచ్చాయి. అంటే అంగుళానికి 1080. చదరపు అంగుళానికి 11 లక్షల 66 వేల 400. ఘనపు అంగుళానికి 125 కోట్ల 97 లక్షల 12 వేలు. సీసా మూతలోంచి తీసిన ముక్కలో ఇన్ని కోట్ల గదులు! మనం ఈ లెక్కను కాలిక్యులేటర్ లేకుండా చేసి చూడవచ్చు, సరిగ్గా వస్తుంది.

అంతటితోనూ ఆగలేదు. కార్కు ఎందుకు నీళ్ళలో తేలుతుంది, నొక్కితే ఎందుకు అణిగి మళ్ళీ పైకి లేస్తుంది అని అడిగాడు. గదుల్లో గాలి బంధించి ఉంది, గదులు ఒకదానికొకటి మూసి ఉన్నాయి, అందుకే నీరు లోపలికి పోదు, గాలి అణిగి మళ్ళీ విచ్చుకుంటుంది అని చెప్పాడు. బాయిల్ దగ్గర గాలి పంపు తిప్పిన అనుభవం ఇక్కడ పనికొచ్చింది.

మన పాఠ్యపుస్తకం ఇక్కడ ఒక ముక్క వదిలేస్తుంది. హుక్ చూసింది కణాన్ని కాదు. కార్కు కణాలు చచ్చిపోయినవి, లోపల ఏమీ లేదు. ఆయన చూసినది వాటి గోడలు, అంటే కణకవచాలు. ఖాళీ ఇళ్ళను చూసి వాటికి పేరు పెట్టాడు. అయితే ఆయన పచ్చి మొక్కలను కూడా చూశాడు. క్యారెట్, ఫెన్నెల్ వంటి మొక్కల దూటల్లో, చెట్ల కొమ్మల బెండులో ఇలాంటి గదులే ఉన్నాయని, పచ్చిగా ఉన్నప్పుడు అవి రసంతో నిండి ఉంటాయని గమనించాడు. అప్పుడు ఆయనకు అసలు ప్రశ్న తట్టింది. గదులన్నీ మూసి ఉంటే, మొక్క రసం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎలా వెళుతోంది?

దారి కోసం వెతికాడు. సూక్ష్మదర్శినితో చూశాడు. నోటితో గట్టిగా ఊది చూశాడు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గాలి పోలేదు. దారి కనబడలేదు. మామూలు మనిషైతే దారి లేదని రాసి పుస్తకం మూసేస్తాడు. హుక్ అలా రాయలేదు. నాకు కనబడనంత మాత్రాన లేదని చెప్పలేనని, జంతువుల శరీరంలో ఉన్నట్టే ఇక్కడా ప్రకృతి ఏవో పనిముట్లు పెట్టి ఉంటుందని, ఇంతకంటే మంచి సూక్ష్మదర్శిని ఉన్నవాడు ఓపికగా చూస్తే ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటాడని రాసుకున్నాడు. మా దృష్టిలో కణానికి పేరు పెట్టడం కంటే ఈ మాట పెద్దది. పేరు ఎవరైనా పెట్టగలరు.

ఆయన ఊహించినవాడు రావడానికి 200 ఏళ్ళు దాటింది. 1879లో ఎడ్వర్డ్ టాంగిల్ అనే శాస్త్రవేత్త గోడల్లోంచి కణానికీ కణానికీ మధ్య సాగే సన్నని జీవపదార్థపు పోగులు చూశాడు. ఆయన చూసినది ఏ గింజలోనో తెలుసా? మన అడవుల్లో దొరికే ముష్టి గింజలో. విషమని దాన్ని పిల్లల్ని ముట్టుకోనివ్వరు. రసాలు, చక్కెరలు ఆ పోగుల గుండా పోతాయి. ఒక దారి దొరికింది.

కానీ కార్కు గోడలో ఇంకో చిక్కు ఉంది. ఆ గోడ నీటిని ఎందుకు ఆపుతుంది? గోడ అసలు పదార్థం సెల్యులోజ్. మన నూలు గుడ్డ కూడా సెల్యులోజే, నీళ్ళలో వేస్తే తడిసి ముద్దవుతుంది. కార్కు తడవదు. కారణం సూబరిన్ అనే పదార్థం. పొడవైన కొవ్వు ఆమ్లాలు, గ్లిసరాల్, మరికొన్ని పదార్థాలు కలిసి అల్లుకున్న వల అది. కార్కు బరువులో సుమారు 40 శాతం ఇదే. సెల్యులోజ్ గోడకు లోపలి వైపున పొరలు పొరలుగా అతికించి ఉంటుంది. బంగాళాదుంప తొక్కలో ఉన్నదీ అదే. వంట గదిలో దుంపను కోసి వదిలేస్తే కోసిన చోట కొన్ని రోజులకు గోధుమరంగు పొర కడుతుంది చూడండి, దుంప తన గాయానికి సూబరిన్ పూసుకుంటోందన్న మాట. ఆకుల మీదైతే దీని చుట్టమైన క్యూటిన్, మైనం ఉంటాయి. తామరాకు మీద నీటిబొట్టు ముత్యంలా దొర్లేది ఆ మైనం వల్లనే.

ఈ కొవ్వు పదార్థాలు తయారయ్యేది కణం లోపల, అంతర్జీవద్రవ్య జాలకంలో. అతకవలసినది కణత్వచం బయట, గోడలో. మధ్యలో నీరు. నూనె నీటిలో కలవదని చారు మీద తేలే తాలింపు చూస్తేనే తెలుస్తుంది. మరి కొవ్వు ఆ తడి గోడలోకి ఎలా చేరుతుంది? హుక్ అడిగిన ప్రశ్నే ఇది, కాకపోతే రసం స్థానంలో కొవ్వు.

ఇక్కడే ప్రోటీన్లు రంగంలోకి వస్తాయి. కణత్వచంలో ద్వారపాలకుల్లాంటి ప్రోటీన్లు ఉన్నాయి. వాటిని ఏబీసీ రవాణా ప్రోటీన్లు అంటారు. ఇవి ఏటీపీ శక్తిని ఖర్చు పెట్టి కొవ్వు పదార్థాలను బయటికి నెడతాయి. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో 2004లో ఒక సంగతి తేల్చారు. ఇలాంటి ఒక ద్వారపాలక ప్రోటీన్ చెడిపోయిన మొక్కల్లో కాండం మీద మైనం తగ్గిపోయింది, బయటికి పోవలసిన సరుకు కణం లోపలే గుట్టపడింది. తలుపు లేక గోదాములో బస్తాలు పేరుకున్నట్టు. 2014లో అదే మొక్క వేర్లలో, గింజ పైపొరలో సూబరిన్‌కు ఇలాంటి మూడు ద్వారాలు కావాలని చూపించారు. అవి లేకపోతే వేరు, గింజ పైపొర నీటిని, లవణాలను సరిగా అడ్డుకోలేవు.

గుమ్మం దాటిన తర్వాత గోడలో మోసుకుపోయే కూలీలు కూడా కావాలి కదా. లిపిడ్ బదిలీ ప్రోటీన్లు అనేవి ఆ పనికి తగిన రూపంలో ఉంటాయి. వీటిని ఫ్రాన్స్‌లో జాన్ క్లోడ్ కాడెర్ 1975లో బంగాళాదుంప నుంచి తీసిన ప్రోటీన్లతో మొదలుపెట్టి పరిశోధించాడు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌లో 574 అమైనో ఆమ్లాలుంటే, వీటిలో సుమారు 90 మాత్రమే. చాలా చిన్నవి. నాలుగు గంధకపు బంధాలు వాటిని గట్టిగా బిగించి ఉంచుతాయి, అందుకే వేడికి కూడా సులభంగా చెడవు. బయటి వైపు నీటితో స్నేహం, లోపల మాత్రం కొవ్వు పట్టే సొరంగం. సొరంగంలో కొవ్వును దాచుకుని తడిలో తిరగగలదు. మొదట ఇవి కణం లోపల పొరల మధ్య కొవ్వును మారుస్తాయని అనుకున్నారు. తీరా చూస్తే చాలా వాటిని కణం తన బయటికి, గోడలోకే పంపుతోంది. 1991లో క్యారెట్ కణాల మీద చేసిన పనిలో, ఇవి క్యూటిన్ ముక్కలను మోసుకుపోతాయేమోనన్న ఆలోచన ముందుకొచ్చింది. క్యారెట్! హుక్ కూడా చూసినదే. 2009లో కణత్వచం బయటి వైపుకు కట్టిపడేసినట్టుండే ఇలాంటి ఒక ప్రోటీన్ లేకపోతే కాండం మీదికి మైనం సరిగా చేరదని కనుగొన్నారు. గోడలోపల ప్రతి అడుగూ ఇవి ఎలా వేస్తాయన్నది ఇప్పటికీ పరిశోధకులు తేలుస్తున్న విషయమే. మన హాస్టల్ నుంచి ఎవరైనా ఆ పనిలో చేరవచ్చు, ఖాళీలు ఉన్నాయి!

ఇంకొక చిన్న సంగతి చెప్పి మళ్ళీ హుక్ దగ్గరికి వెళతాం. స్ప్రింగును లాగే బలానికి తగ్గట్టు అది సాగుతుందన్న హుక్ నియమం మనకు భౌతికశాస్త్రంలో వస్తుంది. 1676లో దాన్ని అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా అచ్చు వేసి, 1678లో విప్పి చెప్పాడు. తన ఆలోచన ఎవరైనా ఎత్తుకుపోతారని ఆయన భయం. మొక్క పెరగాలంటే కణకవచం కూడా సాగాలి. దాన్ని వదులు చేసే ఎక్స్‌పాన్సిన్లు అనే ప్రోటీన్లను 1992లో దోస మొలకల్లో పట్టుకున్నారు. 2005లో పొగాకు పువ్వు కీలాగ్రం నుంచి తీసిన లిపిడ్ బదిలీ ప్రోటీన్ కూడా గోడను సాగేలా చేయగలదని చూపించారు. కొవ్వు మోసే కూలీ గోడ పని కూడా చేస్తాడన్న మాట. తాను చూసిన గోడ, తాను కనుక్కున్న సాగుడు ఒకే చోట కలుస్తాయని హుక్‌కు తెలియదు. అంగుళంలో వెయ్యో వంతు ఉన్న ఆయన గదిలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఈ ప్రోటీన్లను వరుసగా పేరిస్తే కొన్ని వేలు పడతాయి. ఆయన కటకాలు పెంచి చూపగలిగినది కొన్ని పదుల రెట్లే.

1665 మొదట్లో ఆయన పుస్తకం మైక్రోగ్రాఫియా వచ్చింది. అందులో కార్కు 18వ పరిశీలన. ఈగ కన్ను, పేను, దోమ, సూది మొన, బూజు, దురద పుట్టించే ఆకు, అన్నిటి బొమ్మలూ ఆయనే గీశాడు. పేను బొమ్మ మడత విప్పితే మూరెడు ఉంటుంది. లీలీ దగ్గర కొద్దికాలమే ఉన్నా ఆ చేయి వృథా కాలేదు. లండన్ ఉద్యోగి శామ్యూల్ పెపీస్ ఆ పుస్తకం కొని రాత్రి 2 గంటల దాకా చదువుతూ కూర్చున్నానని డైరీలో రాసుకున్నాడు. అదే ఏడాది హుక్ గ్రెషం కాలేజీలో రేఖాగణితం ప్రొఫెసరయ్యాడు. ఏడాదికి 50 పౌండ్లు, ఉండడానికి గదులు. చనిపోయే దాకా ఆ గదుల్లోనే ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు.

1666 సెప్టెంబరులో లండన్ తగలబడింది. 13 వేలకు పైగా ఇళ్ళు, 87 చర్చిలు బూడిదయ్యాయి. ఊరిని మళ్ళీ కట్టడానికి నగరం నియమించిన సర్వేయర్లలో హుక్ ఒకడు. ఎవరి స్థలం ఎంతవరకో బూడిదలో గుంజలు పాతి, తాడు పట్టి కొలిచి ఇచ్చాడు. ఈ పని గురించి ఎక్కడా పాఠం ఉండదు. కానీ ఇల్లు కాలిపోయిన మనిషికి తన స్థలం హద్దు తేల్చి ఇచ్చేవాడికంటే ముఖ్యుడు ఎవరుంటారు? ఆ అగ్నిప్రమాదానికి గుర్తుగా క్రిస్టఫర్ రెన్‌తో కలిసి 202 అడుగుల స్తంభం కట్టాడు, అది 1677లో పూర్తయింది. ఇప్పటికీ ఉంది. స్తంభం నడిమి మెట్ల బావిని దూరదర్శినిగా వాడాలని కూడా ఆలోచించాడు. ఒక కట్టడంతో రెండు పనులు చేయించాలని చూడడం ఆయన స్వభావం.

న్యూటన్‌తో తగాదా గురించి అందరూ పెద్దగా రాస్తారు, మేము క్లుప్తంగా చెబుతాం. 1672లో కాంతి గురించిన న్యూటన్ వ్యాసాన్ని హుక్ విమర్శించాడు. అప్పటినుంచి పడలేదు. 1679, 80లలో ఇద్దరూ గ్రహాల కదలిక గురించి ఉత్తరాలు రాసుకున్నారు. సూర్యుడి ఆకర్షణ దూరం వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుందన్న ఊహ హుక్ చెప్పాడు. 1686లో న్యూటన్ పుస్తకం వస్తుంటే తన పేరు చెప్పమన్నాడు. న్యూటన్‌కు కోపం వచ్చి హుక్ పేరు ఉన్న చోట్ల తగ్గించాడు. మా అభిప్రాయం ఏమిటంటే ఊహ హుక్‌ది, గణితంతో నిరూపణ న్యూటన్‌ది. ఊహించడం, నిరూపించడం ఒకటి కాదు. అలాగని ఊహించినవాడి పేరు కొట్టేయడం న్యాయమూ కాదు. హుక్ కూడా సాధువేమీ కాదు. అనుమానం ఎక్కువ, కొత్తది ఎవరు చెప్పినా నేను ముందే చేశానని లేచేవాడు. అయితే మరొకరి పని నిజమని తేల్చడానికి కష్టపడిన రోజులూ ఉన్నాయి. హాలెండులో బట్టల వ్యాపారం చేసుకునే లీవెన్‌హుక్ నీటిలో కంటికి కనబడని జీవులున్నాయని రాస్తే చాలామంది నమ్మలేదు. 1677లో హుక్ మిరియాలు నానబెట్టిన నీటిని సూక్ష్మదర్శినిలో పెట్టి, సభ్యులందరికీ ఆ జీవులను చూపించాడు.

1687లో ఆయన ఇంట్లో ఉండి ఇల్లు చూసుకున్న అన్న కూతురు గ్రేస్ చనిపోయింది. ఆ తర్వాత మనిషి బాగా కుంగిపోయాడని స్నేహితులు రాశారు. చివరి రోజుల్లో కాళ్ళు వాచి, చూపు మందగించింది. పేను కాలి మీది వెంట్రుకలను బొమ్మ గీసిన కళ్ళు అవి. 1703 మార్చి 3న గ్రెషం కాలేజీ గదిలో చనిపోయాడు. బీదవాడిలా బతికిన ఆయన గదిలో ఒక ఇనుప పెట్టెలో వేల పౌండ్లు దొరికాయి. ఆ డబ్బుతో రాయల్ సొసైటీకి ఒక ప్రయోగశాల, గ్రంథాలయం కట్టించాలని ఉద్దేశమట. వీలునామా మీద సంతకం పెట్టలేదు. డబ్బు బంధువులకు పోయింది.

అదే ఏడాది నవంబరులో న్యూటన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు. ఈనాడు ప్రామాణికమని అందరూ ఒప్పుకునే హుక్ చిత్రపటం ఒక్కటి కూడా లేదు. న్యూటనే దాన్ని మాయం చేయించాడని కథలు చెబుతారు, దానికి సాక్ష్యం లేదు. సెయింట్ హెలెన్స్ చర్చిలో పూడ్చిన ఎముకలు కూడా తర్వాతి మరమ్మతుల్లో మిగతావాటితో కలిపి తీసేశారు. అందుకే పుస్తకాల్లో ఆయన పేరు పక్కన సూక్ష్మదర్శిని బొమ్మ వేస్తారు, ముఖం వేయరు.

2006లో ఇంగ్లండులో హాంప్‌షైర్‌లోని ఒక ఇంట్లో పాత సామాన్లకు వెల కడుతుండగా అలమరాలోంచి ఒక కాగితాల కట్ట బయటపడింది. 500 పేజీలకు పైగా హుక్ చేతిరాత. రాయల్ సొసైటీ సమావేశాలకు ఆయన రాసిన నివేదికలు, పాత మినిట్స్ పుస్తకాలు ముందేసుకుని ఎత్తిరాసుకున్న భాగాలు, తాను చేసిన పని ఎక్కడ నమోదు కాలేదో అక్కడ అంచున రాసుకున్న ఫిర్యాదులు అందులో ఉన్నాయి. వేలానికి వెళ్ళకముందే దాదాపు 10 లక్షల పౌండ్లకు రాయల్ సొసైటీ ఆ కట్టను కొనుక్కుంది. అది ఇప్పుడు వారి గ్రంథాలయంలోనే ఉంది.